వాయిదాకు రానివాడు

నా జేబులో ఆ కాగితం ఏడాదిన్నరగా ఉంది.
మడతల కాడ చిరిగితే రైటరు గమ్ముతో అతికించినాడు.
చెమటకు మెజిస్ట్రేటు సంతకం కొంచెం పారింది గానీ
పేరు మాత్రం చెక్కుచెదరల్యా:
బోయ ఉలిగయ్య, తండ్రి నరసప్ప,
చింతలదొడ్డి, కోసిగి మండలం.
నాన్ బెయిలబుల్.

నెలాఖరు మీటింగులో డీఎస్పీ అడిగేది ఒకటే,
'ఎన్ని పెండింగు?'
నేను లేచి అంకె చెబుతా.
నేను కూర్చుంటా గానీ అంకె కూర్చోదు.

సినిమాల్లో మాదిరి గోడలు దూకింది లేదు.
అంగట్లో బీడీ కట్ట కొని వానల సంగతి మాట్లాడినా.
రేషన్ మిషన్లో ఏ నెల ఎవరి వేలు పడిందో చూసినా.
మార్గశిరం నుంచి ఆ ఇంటి వేలు పడల్యా.
వాకిలికి తాళం కూడా లేదు,
తుమ్మకంప ఒకటి అడ్డం పెట్టి పోయినారు.
పక్కింటి అవ్వ కొర్రలు చెరుగుతా
తల ఎత్తకుండానే చెప్పింది:
'సుగ్గికి పోయినాడు నాయనా.
ఊరే పోయింది. నువ్వు ఎవర్ని పట్టుకుంటావు?'

నిజమే. వీధంతా కంపలే.
బళ్లో పంతులు నలుగురు పిల్లోళ్లను కూర్చోబెట్టుకుని
నలభై పేర్లు పిలుస్తున్నాడు.
ఆ పూట మా ఇద్దరిదీ ఒకటే కొలువనిపించింది.

గుంటూరు దిక్కు మిరప చేలు ఎన్నో
లెక్కబెట్టినోడు లేడు.
సెల్ నంబరు పట్టుకుంటే రెండు దినాలు టవరు చూపించింది,
మూడో దినం మూగబోయింది.
తెలివైనోడే అనుకున్నా.
తర్వాత తెలిసింది, రీచార్జి అయిపోయిందంట.

ఇంత వేటకు నేరమేందంటే,
ఎనిమిదేండ్ల కిందటి ఎండాకాలం
ట్యాంకరు వచ్చింది, బిందెల వరస చెదిరింది,
ఉలిగయ్య విసిరిన ఇత్తడి బిందె
మాదప్ప నొసట తగిలింది. మూడు కుట్లు.
రెండు వాయిదాలకు వచ్చినాడు.
మూడోది సుగ్గిలో పడింది.

ఉగాదికి రెండు దినాల ముందు, తెల్లారుజామున,
నేనూ హోంగార్డు మౌలాలీ కల్వర్టు చాటున నక్కినాం.
లారీ లైట్ల కంటే ముందు ఘాటు వచ్చింది.
మౌలాలీ తుమ్మినాడు. నేనూ తుమ్మినా.
ఇంక దాక్కునేదేముంది.

దిగినారు: నిద్రలో తూలే పిల్లోళ్లు, సత్తు గిన్నెలు,
కాళ్లు కట్టిన కోడి, గోనెల్లో మిరపకాయలు.
టార్చి వేసి పేరు పిలిచినా.
ముగ్గురు పలికినారు.
ఉలిగెమ్మకు మొక్కని ఇల్లు లేదు ఆ దిక్కున,
ఇద్దరి తండ్రులైతే నరసప్పలే.
కాగితానికేం తెలుసు.
ముఖాలు చూడల్యా, చేతులు చూసినా.
ఒకడు లోపలి జేబులోంచి నోట్ల చుట్ట తీసి
చప్పుడు కాకుండా పెండ్లాం కొంగున ముడేసినాడు.
ఇంటికి పోయేటోడు డబ్బు తానే మోసుకుపోతాడు.

'నడువు ఉలిగయ్యా' అన్నా.
'చెప్పులు ఏసుకుంటా సార్.'
అంతే.

లారీ మీంచి ఇంకొకడు దూకినాడు.
నొసట మూడు కుట్ల మచ్చ.
'ఎప్పటి బిందె సార్ అది!
మూడు నెలలు ఒకే సాలు పట్టి కోసినాం నేనూ వాడూ.
జామీను నేనే నిలబడతా, పదండి.'
జీపులో ముద్దాయి పక్కన ఫిర్యాదీ కూర్చుని
ఒకే బీడీ ఇద్దరూ తాగినారు.
ఇట్లాంటిదానికి మా రిజిస్టర్లో గడి లేదు.

బేడీలు వేయల్యా, మణికట్టు పట్టుకున్నానంతే.
ఆదోని కోర్టు వరండాలో మర్చిపోయి
ఆ చేత్తోనే కండ్లు తుడుచుకున్నా.
కారే నీళ్లు చూసి బంట్రోతు అడిగినాడు,
'ఏం సార్, ఇంట్లో అందరూ బాగేనా?'

వారెంటు రద్దు. ఫైను అయిదు వందలు.
వెనక బస్సులో వచ్చిన ఆమె కొంగు ముడి విప్పింది.
విప్పేటప్పుడు నా దిక్కు చూడల్యా.

రిజిస్టర్లో ఎర్ర గీత కొట్టినా. ఒక అంకె తగ్గింది.
సిరా ఆరకముందే రైటరు ఇంకో కాగితం చాపినాడు:
కురువ బీరలింగ, బేల్దారి పని, బెంగళూరు,
వీధి తెలియదు.
కుడి చెయ్యి ఇంకా మండుతాంది.
ఎడమ చేత్తో తీసుకున్నా.